తాడు ముట్టిన చేయి

మా పాళెంలో ఒకప్పుడు ముసలివాళ్ళంటే అపురూపం. పెళ్ళిలో అక్షింతలు వేయడానికి తల నెరిసిన ముత్తయిదువ దొరక్క, జువ్వలదిన్నె నుంచి ఒకామెను బతిమాలి తెచ్చుకున్నారని మా అమ్మ చెప్పి నవ్వేది. అలాంటి ఊళ్ళో, చైనా యుద్ధం జరిగిన మరుసటి యేటికి, ఏ పంచన చూసినా ముసలివాళ్ళే. దగ్గులు, మూలుగులు, ఎండలో ఆరబెట్టుకున్న మోకాళ్ళు.

ఎందుకిట్లా అయిందో నాకు తెలిసినంత చెబుతాను. సర్కారువాళ్ళు వచ్చి ఇంటింటికీ దోమల మందు కొట్టి పోయారు. అమ్మవారు పోయకుండా టీకాలు వేశారు. చలిజ్వరంతో నలభై ఏళ్ళకే పోవాల్సినవాళ్ళు పోకుండా నిలిచారు. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ అంతకు చాలా ముందే, వాంతిబేదులు వచ్చిన యేడు, ఊళ్ళో చిన్నపిల్లలు ఊడ్చిపెట్టుకు పోయారు. వాళ్ళు బతికుంటే ఇప్పుడు తాడు లాగే వయసు వాళ్ళు. మిగిలిన కొద్దిమందిలో సగం మందిని మద్రాసు రాయపురం మోటారు పడవలు లాక్కుపోయాయి. పోయినవాడు అక్కడే పెళ్ళాడి అక్కడే పిల్లల్ని కంటాడు. ఇక్కడ ఉయ్యాలలు దులిపి అటక మీద పెట్టుకున్నాం. ముసలివాళ్ళను బతికించిన మహానుభావులు, బతికినవాళ్ళకు ఎవరు అన్నం పెట్టాలో మాత్రం చెప్పి పోలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మాది పెద్దవల ఊరు. పడవ వలను సముద్రంలోకి తీసుకుపోయి అర్ధచంద్రంగా దించి వస్తుంది. దాని రెండు తాళ్ళూ ఒడ్డున ఉంటాయి. ఆడా మగా అని లేకుండా ఊరు రెండుగా చీలి ఆ తాళ్ళు లాగాలి. వల ఒడ్డున పడ్డాక చేపల్ని కుప్పలు వేస్తారు, మనిషికొక కుప్ప. తాడు ముట్టిన ప్రతి చేతికీ కుప్ప ఉండాలన్నది తాతలనాటి కట్టుబాటు. లాగే బలం పోయినవాళ్ళు తాడు తోకన ఒక చెయ్యి వేసి నిలబడేవాళ్ళు. వాళ్ళకూ అందరితో సమానంగా పెట్టేవాళ్ళు. ఇన్నేళ్ళు లాగినవాళ్ళు ఇప్పుడు పట్టుకుంటే చాలుననుకున్నారు పెద్దలు. నలుగురే ముసలివాళ్ళున్న రోజుల్లో ఆ కట్టుబాటు ఎవరికీ బరువనిపించలేదు.

ఏ కుప్ప ఎవరిదో చెప్పేది గంగులయ్య మామ. కుప్పలకు వీపు పెట్టి కూర్చుంటాడు. వెనక ఒకరు కర్రతో కుప్పను తట్టి, "ఇదెవురికి?" అని అడుగుతారు. మామ ఒక పేరు పిలుస్తాడు. ఆ కుప్ప ఆ పేరుగలవాళ్ళది. పెద్ద కుప్ప ఎవరికి పోయినా తగువు లేదు, చూసి చెప్పలేదు గనక. అసలు మామకు రెండు కళ్ళూ కనబడవు. కళ్ళు లేని మనిషి మళ్ళీ వీపు తిప్పడమెందుకని మేం ఎగతాళి చేస్తే, "పద్ధతి పద్ధతే గదమ్మా," అనేవాడు. ఆ పనికి ఆయనకూ ఒక కుప్ప ఉండేది.

ఆయన భార్య పోలమ్మ. నాకు వాళ్ళిద్దరూ అత్తా మామల వరస, పక్కిల్లు. అమ్మవారు పోసి మామ కళ్ళు పోయేనాటికి అత్తకు ముప్పై అయిదేళ్ళు. ఆ తర్వాత కొన్నాళ్ళకే వాంతిబేదుల్లో ఇద్దరు బిడ్డలూ పోయారు. ఆ రోజుల్లో అత్త మగవాళ్ళతో పాటు ముందు వరసలో నిలబడి, మడమలు ఇసకలో దించి తాడు లాగేదట. మామ చివరిసారి కళ్ళారా చూసింది ఆ పోలమ్మనే. తరువాత ఆమె తల నెరిసిందని, వేళ్ళు వంకర్లు పోయాయని ఆయనకు తెలియదని కాదు. ఒక్క ఇంట్లో ఉంటూ తెలియకపోవడమేముంది? కానీ ఆమె గొంతు మాత్రం ముదరలేదు. తాడు లాగేటప్పుడు పాట ఎత్తేది అత్తే.

పాట అంటే పెద్ద పాటేం కాదు. ఎదురుగా ఎవరు కనబడితే వాళ్ళ మీద కట్టేసేది.

"మీసమొచ్చె ముత్యాలుకు - ఏలేలో!
ముద్దకు తప్ప వంగడమ్మా - ఏలేలో!"

అని ఆమె అందుకోగానే అందరం నవ్వుతూ "ఏలేలో" అని ఒక్క గుంజు గుంజేవాళ్ళం. ఒడ్డున కూర్చున్న మామ ఆ గొంతు విని, "అదిగో, ముందు వరసలో మా పోలి," అని మురిసిపోయేవాడు. అత్త ముందు వరస వదిలి పదేళ్ళు దాటింది. ఆమె కూడా తోకనే చెయ్యి వేసి నిలబడి పాడేది. ఈ సంగతి మామకు తప్ప ఊరందరికీ తెలుసు. అత్త చెప్పనిచ్చేది కాదు.

"ఆ మనిషికి లోకంలో కనపడేది అదొక్కటే, పిచ్చమ్మా. దాన్ని గూడా తీసెయ్యమంటావా?" అనేది నాతో.

ఆ ఎండాకాలం చివర ఒకరోజు పొద్దున పడవల దగ్గర ఊరు కూడింది. కూడమని అడిగింది అత్త పాటలోని ముత్యాలయ్య. ఊళ్ళో మిగిలిన పడుచువాళ్ళు గట్టిగా లెక్కేస్తే పదిమందో పన్నెండుమందో. వాళ్ళకు పెద్ద అతనే. మంచివాడు, మాట మృదువు. ఆ రోజు మాత్రం ఇసకలోకి చూస్తూ మాట్లాడాడు.

"పెద్దోళ్ళు మీరు, తప్పుగా అనుకోబాకండి. లాగేది మేం ఇంతమందిమి. పట్టుకునేది దానికి రెట్టింపు. వల్లో చేప పెరగలా. కుప్ప చూస్తే దోసెడు లేదు. నా పెళ్ళాం బాలింత, దానికే సాలడం లేదు. లాగినోళ్ళకే కుప్ప అని దురాయి పెట్టండి. లేదంటే మేమందరం మద్రాసు పోతాం."

దురాయి అంటే ఊరు పెట్టే కట్టుబాటు. ఒకసారి పెట్టాక ఊరి పెద్ద, ఆ పెద్దకాపు అయినా దాటడానికి లేదు. ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగులయ్య మామ చిన్ననాటి నేస్తం చెంచయ్య మాత్రం, "మీ తాతకి మేము లాగి పెట్టినాం గదరా," అని ఏదో అనబోయి ఆపుకున్నాడు.

అప్పుడు మామ కర్ర ఊనుకుని లేచాడు.

"ఈ పిలకాయలు పోతే ఊరుంటాదా? మనం ఇంకెన్నాళ్ళుంటాం? వీళ్ళుంటే పడవ కదులుతాది, పొయ్యిలో పొగ లేస్తాది. లాగినోళ్ళకే కుప్ప. నేనొప్పుకుంటా ఉండా. పేర్లు పిలిచేదానికి నాకు పెట్టే కుప్ప గూడా వొద్దు, నేను తాడు లాగేవోణ్ణి కాదు గదా. మా పోలి లాగతా ఉండాది. దాని కుప్ప మా ఇద్దరికీ సాలు."

ముత్యాలయ్య తల ఇంకా కిందికి వేశాడు. చెంచయ్య నోరు తెరిచాడు. నా పక్కనున్న అత్త చటుక్కున నా మణికట్టు పట్టుకుని, చెంచయ్యకు కనబడేటట్టు వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. చెంచయ్య నోరు మూసుకున్నాడు. నా చెయ్యి పట్టుకున్న ఆ వేళ్ళలో బలమే లేదు. పసిపిల్ల పట్టుకున్నట్టుంది. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు అందరి మీదా కోపమూ వచ్చింది.

మామ ఒప్పుకున్నాక మిగతా ముసలివాళ్ళూ ఒప్పుకున్నారు. "ఇంట్లో ఎవురూ లేనోళ్ళ సంగతో?" అని ఒకామె అడిగింది. "ఊరు చూసుకుంటాది," అన్నారెవరో. ఊరంటే ఎవరో ఎవరూ అడగలేదు.

దురాయి పడ్డాక ముసలివాళ్ళు తాడు దగ్గరికి రావడం మానేశారు. కానీ ఇంట్లో ఉండలేక ఒడ్డుకొచ్చి దూరంగా ఇసకలో కూర్చునేవాళ్ళు. లాగుడు మొదలైతే కొందరు అలవాటు చొప్పున లేచి, గుర్తొచ్చి మళ్ళీ కూర్చునేవాళ్ళు. ఇళ్ళల్లో సంగతి చెప్పనక్కర్లేదు. నిన్నటిదాకా తన కుప్ప తాను తెచ్చిన ముసలివాడు ఈరోజు కోడలి చేతి వైపు చూడాలి. చెంచయ్య కోడలు చెడ్డదేం కాదు. అయినా ఉన్న నెత్తళ్ళు ముందు పిల్లలకు వేస్తుంది, తరువాత మొగుడికి, తరువాత తనకు. గిన్నె అడుగున పులుసు చెంచయ్యకు. ఆమెను నేనేమని తిట్టను?

అత్త మాత్రం మామూలుగా తాడు దగ్గరికొచ్చి తోకన చెయ్యి వేసింది. రావద్దని చెప్పే మొనగాడు లేకపోయాడు. ఆమె పాట ఎత్తింది. వల వచ్చింది. కుప్పలు పెట్టేటప్పుడు ముత్యాలయ్య ఎవరి మొహమూ చూడకుండా ఒక కుప్ప ఎక్కువ పెట్టాడు. మామ పేర్లు పిలుస్తూ పిలుస్తూ, "ఇది మా పోలికి," అన్నాడు. అట్లా కొన్ని వారాలు గడిచాయి. అత్త ఆ కుప్పను కొంగులో పోసుకునేటప్పుడు దూరంగా కూర్చున్న ముసలివాళ్ళ వైపు చూసేది కాదు.

ఇట్లాంటివి ఎన్నాళ్ళు నిలుస్తాయి? ఒకరోజు వల దాదాపు ఉత్తదే వచ్చింది. కుప్పకు నాలుగు కానాగంత చేపలు, గుప్పెడు నెత్తళ్ళు. ముందురోజు కూడా అంతే. మామ పేర్లు పిలుస్తున్నాడు. వెనక ముత్యాలయ్య కర్రతో ఇంకో కుప్ప తట్టి, "ఇదెవురికి?" అన్నాడు.

మామ నోరు తెరిచేలోగా చెంచయ్య లేచి వచ్చాడు.

"పోలికి అంటావు, అంతే గదా? మాకు లేని కుప్ప నీ పెళ్ళానికెందుకురా గంగులూ? అది లాగి ఎన్నేళ్ళయింది? మాతో పాటే తోకన చెయ్యేసి నిలబడి పాటలు పాడతా ఉండాది. ఊరంతా కలిసి నీకు గంతలు కట్టినారు. నీ కుప్ప వొదులుకున్నానని గొప్పలు పోయినావే, నువ్వేం వొదులుకున్నావు? మేం వొదులుకున్నాం!"

చెంచయ్య అక్కడే కూలబడి మొహం కప్పుకున్నాడు. అన్నవాడే ఏడుస్తున్నాడు. పడుచువాళ్ళలో ఒకడు మెల్లిగా, "ఒకరికి పెడితే అందరికీ పెట్టాల. అందరికీ పెట్టేదానికైతే మేమెందుకు ఈడ," అన్నాడు. అది మామ చెవిలో పడింది.

"ముత్యాలూ, నిజమేనా?" అన్నాడు మామ.

ముత్యాలయ్య అత్త వైపు చూశాడు.

"పోలీ?"

"నిజమే," అంది అత్త.

ఆ గొంతు ఎప్పుడూ వినే గొంతు కాదు. నాకే పోల్చుకోవడం కష్టమైంది.

మామ తలలో ఏం తిరుగుతోందో మాకందరికీ తెలుస్తూనే ఉంది. ఒక పక్క పెళ్ళాం. ఇంకో పక్క పోతామంటున్న పడుచువాళ్ళు, వాళ్ళు పోతే ఆరిపోయే ఊరు. ఇన్నేళ్ళ కాపరంలో ఆమె ఆయన్ని చెయ్యి పట్టి నడిపించని రోజు లేదు. పిలవయ్యా, పిలువు, ఏమైతే అదవుతుంది, అని నేను లోపల మొత్తుకుంటున్నాను. కుప్ప మీద కర్ర అట్లాగే ఆనించి ఉంది.

"ఆ కుప్ప చెదరగొట్టి మిగతావాటిలో కలిపెయ్యండి," అన్నాడు మామ.

కలిపేశారు. ఆ నాలుగు కానాగంతలూ నాలుగు కుప్పల్లోకి పోయాయి. అందులో ఒకటి నాకే వచ్చింది.

ఇంటికి పోయేటప్పుడు ఎప్పటిలాగే అత్త కర్ర కొస పట్టుకుని ముందు నడిచింది, మామ వెనక. నేను వాళ్ళ వెనక. దారి సగంలో అత్త ఆగింది.

"నువ్వు పిలిచుంటే నేనే వొద్దనేదాన్ని గదయ్యా. అందరి ముందరా నేనే వొద్దని లేచొచ్చేదాన్ని. ఆ మాట గూడా నాకు మిగలనియ్యకపోతివే."

"ఒక్క కుప్ప కాడ పట్టు తప్పితే పిలకాయలు పోతారే," అన్నాడు మామ. బతిమాలుతున్నట్టు అన్నాడు. ఆమె కర్ర కొస లాగి నడిచింది.

ఆ తరువాత అత్త మళ్ళీ ఒడ్డుకు రాలేదు. తెల్లవారగానే మామను మాత్రం పేర్లు పిలిచే చోట కూర్చోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోయేది. పాట లేక లాగుడు అస్తవ్యస్తమయింది. ఒకడు గుంజేటప్పుడు ఇంకొకడు ఊపిరి పీల్చేవాడు. నేనొకసారి ఎత్తబోయాను. కాకి అరిచినట్టుందని నాకే తెలిసి ఊరుకున్నాను. నా కుప్పలో సగం తీసుకుపోయి ఇస్తే అత్త తీసుకునేది. వండి మామకు పెట్టేది. తాను గంజి తాగేది. "చేప వాసన పడటం లేదు పిచ్చమ్మా," అనేది. పుట్టిందే ఆ వాసనలో, ఆమెకు వాసన పడకపోవడమేమిటి!

మామ ఆమెతో మాట్లాడాలని ఎన్నిసార్లు ప్రయత్నించాడో. "ఏమే, ఈ పొద్దు గాలి తిరిగినట్టుండాది," అనేవాడు. "ఊ," అనేది. "ఏమే, ఒక పాట అనకూడదా ఇంట్లోనయినా?" అనేవాడు. పొయ్యి ఊదుకుంటూ ఉండేది. కోపం కాదు ఆమెకు. కోపమైతే నాకు తెలిసేది, నేను దానిలో పండిపోయినదాన్ని. ఆమెకు మాటలు అయిపోయాయి, అంతే.

కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. అత్తకు జ్వరం వచ్చింది. పెద్ద జ్వరం కూడా కాదు. ఒంట్లో ఏమైనా మిగిలుంటే తట్టుకునేది. మామ పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడుముతూ ఉండేవాడు. "ఇంత చిక్కిపోయినావా, ఇంత చిక్కిపోయినావా," అని అదే మాట. ఆమె ఒక తెల్లవారుజామున పోయింది. కడదాకా ఆయన్ని ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. ఆడినా బాగుండేది.

ముత్యాలయ్య, వాళ్ళ జట్టు వానలో మోసుకుపోయారు. వాళ్ళు లేకపోతే మోసే భుజాలు కూడా లేవు ఊళ్ళో. మామ ఆ సంగతే అందరితో చెప్పుకున్నాడు. "చూసినారా, పిలకాయలుండబట్టి గదా నా పోలి మర్యాదగా పోయింది," అని. అది తనకు తాను చెప్పుకుంటున్నాడని నాకు తెలుసు. చెప్పుకోనీ, దానివల్ల ఇంత ముద్ద లోపలికి పోతే అంతే చాలుననుకున్నాను.

అత్తకు చిన్నదినం పెట్టిన మరునాడు మధ్యాహ్నం ముత్యాలయ్య ఒక్కడే వచ్చాడు. మామ పంచలో కూర్చుని ఉన్నాడు, నేను ఆయనకు అన్నం కలిపిస్తున్నాను. ముత్యాలయ్య నేల మీద కూర్చుని చాలాసేపు గోళ్ళు గిల్లుకున్నాడు.

"మామా, మేం పోతా ఉండాం. అందరం. రాయపురం పడవల్లోకి."

మామ చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"ఏంది నాయనా? దురాయి నిలబెట్టినాం గదా? ఎవురన్నా తప్పినారా?"

"ఎవురూ తప్పలా."

"మరి?"

ముత్యాలయ్య నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకోలేదు. చెప్పు, విందాం అన్నట్టు చూశాను.

"మేం ఎండాకాలంలోనే పడవలోళ్ళకు మాటిచ్చినాం మామా. ఊరు కూడక ముందే. ఊరికే పోతామంటే పెద్దోళ్ళు ఏడస్తారు, కాళ్ళు కదలవు. అందుకని దురాయి అడిగినాం. మీరు ఒప్పుకోరనుకున్నాం. ముసిలోళ్ళ నోటికాడ కూడు తీసేదానికి ఎవురొప్పుకుంటారు? మీరు కాదంటే, సరే పోతామని పోవచ్చనుకున్నాం. నువ్వు లేచి ఒప్పుకుంటివి. నీ కుప్ప గూడా వొదులుకుంటివి. ఇంక ఏ మొహంతో పోయేది? ఈ నాలుగయిదు నెలలూ అట్ట ఆగిపోయినాం. ఇప్పుడు అత్త పోయింది. ఇంక ఈడ ఉండబుద్ధి కావడం లేదు."

మామ ముద్దను కంచంలో పెట్టేశాడు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"అయితే ఆ పొద్దు నేను దాని పేరు పిలిచుంటే?"

"మామా..."

"చెప్పు నాయనా. దానికి ఆ కుప్ప పెట్టనిచ్చుంటే గూడా మీరు పొయ్యుంటారా?"

"ఎట్టున్నా పొయ్యుంటాం మామా," అన్నాడు ముత్యాలయ్య, ఏడుస్తూ.

మామ తల ఊపాడు. అర్థమయిందన్నట్టు రెండుసార్లు ఊపాడు. "మంచిది. సముద్రం మీద జాగరత," అన్నాడు. ముత్యాలయ్య కాళ్ళకు మొక్కి పోయాడు. అతను సందు మలుపు తిరిగేదాకా మామ అటే చెవి పెట్టుకుని కూర్చున్నాడు. తరువాత నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"పిచ్చమ్మా, ఊరి కోసం దాన్ని కాదనుకున్నాననుకుంటి. ఎవురి కోసమూ కాదే. నేనే కాదనుకున్నా."

కాదు మామా అని అందామనుకున్నాను. ఆయన చెయ్యి అట్లాగే పట్టుకుని కూర్చుని, ఆయనతో పాటు నేనూ ఏడ్చాను.